మేస్త్రీకి తెలిసిన సున్నం

“ఉడుకు సున్నం కంట్లో పడితే చూపు పోతుందని నీకు తెలుసా, తెలియదా?”

అవతలి వకీలు ఈ మాట అడిగినప్పుడు సున్నం మేస్త్రీ బోనులో ఉన్నాడు. తెలియదంటే ఇంటికి, తెలుసంటే జైలుకి. అతని వకీలు మూడు రోజులుగా చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఎదుటి బెంచీ మీద పెళ్లాం కళ్లతోనే బతిమాలుతోంది.

గొడవంతా నూట నలభై ఏళ్ల మేడ గురించి. మేడ అన్నదమ్ములది. అన్న నిలబెట్టాలన్నాడు, తమ్ముడు కూల్చి స్థలం అమ్మాలన్నాడు. కూల్చకూడదని కోర్టు ఉత్తర్వు వచ్చింది. తనంతట తాను కూలితే మాత్రం ఎవరూ చేసేదేమీ లేదు. ఆ ఏర్పాటు కోసమే తమ్ముడు ఒక మధ్యాహ్నం ఆరుగురికి సమ్మెటలిచ్చి పంపాడు.

అప్పటికి మేస్త్రీ పద్నాలుగు నెలలుగా ఆ గోడలకు సున్నపు గచ్చు చేస్తున్నాడు. ఎనిమిది నెలల కూలి అన్నగారి దగ్గర ఆగిపోయింది. మేడ మీద ప్రేమతో ఎదురు నిలిచాడని తర్వాత సభల్లో చెప్పారు. ప్రేమా లేదు, పాడూ లేదు. మేడ పడితే బాకీ ఎవరిని అడగాలి?

మొదటి దెబ్బకు వసారా స్తంభం చిట్లింది. రెండో దెబ్బ, మేస్త్రీతో పనిచేస్తూ అడ్డం వెళ్లిన అతని బావమరిది భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. కింద పడ్డవాణ్ణి ఇద్దరు మొహం మీద తన్నారు. రెండు పళ్లు గచ్చు మీద రాలాయి.

“ముసలోడా, తప్పుకో. వాడికి చెయ్యే పోయింది, నీకు తలకాయ పోతుంది” అన్నాడు సమ్మెటవాడు.

“నా తలకాయ సంగతి తర్వాత. ఆ స్తంభం తీస్తే పై అంతస్తు నీ నెత్తినే దిగుతుందిరా, వెర్రోడా.”

వాడు నవ్వి మళ్లీ సమ్మెట ఎత్తాడు. కాసేపటి కింద నీళ్లు పోసిన సున్నం పక్క గుంటలో ఇంకా కుతకుత ఉడుకుతోంది. మేస్త్రీ డబ్బాతో తోడి వాడి మొహాన కొట్టాడు. ఆ అరుపు విని మిగతా ఐదుగురూ కాళ్లకు బుద్ధి చెప్పారు.

కొట్టిన చేత్తోనే వాడి జుట్టు పట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. లేపాడు, ముంచాడు. వాడు మేస్త్రీ ముంజేతిని కండ ఊడేలా కొరికాడు. అయినా వదలకుండా రెప్పలు విప్పి కడిగాడు. కుడికన్ను దక్కింది. ఎడమది ఉడికిన గుడ్డులా తెల్లబడింది.

“చెప్పవయ్యా, తెలుసా, తెలియదా?” అని కోర్టులో రెట్టించాడు అవతలి వకీలు.

తన వకీలు నేర్పిన మాట మేస్త్రీ నాలుక చివరిదాకా వచ్చింది. పదకొండో ఏట తండ్రి కంట్లో సున్నం పడితే కడిగింది తనే. ఆ కన్ను దక్కలేదు.

“తెలుసు బాబూ. నలభై ఏళ్ల పని. తెలియదంటే రేపు నాచేత గోడ ఎవడు పూయిస్తాడు?”

కోర్టంతా నవ్వింది, జడ్జి తప్ప. మూడేళ్లు వేశాడు.

“ఇంట్లో బియ్యం నిండుకున్నాయని తెలిసి కూడా పాతికేళ్లు తెలియదన్నావు కదా” అంది పెళ్లాం, పోలీసులు తీసుకెళ్తుంటే. “ఆ నోరు ఇవాళ ఏమైంది?”



మేడ నిలిచింది. ఇప్పుడు టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. బావమరిది చెయ్యి భుజం దాటి లేవదు. జైలు నుంచి వచ్చాక మేస్త్రీ లెక్క అడిగితే, పని మధ్యలో వదిలి వెళ్లావు కనక తేల్చడం కష్టమన్నాడు అన్నగారు. ఎనిమిది నెలల కూలి ఇంకా రావాలి.