నొప్పి లేని చుక్క

ఈ రోజు వర్క్‌షాపులో, నల్లపొగ కక్కుతున్న డంపర్ లారీ నాజిల్ విప్పి, దాన్ని పరీక్షించే చేతిపంపుకు బిగించాను. డీజిల్ మంచులా చిమ్మితేనే ఇంజన్‌లో శుభ్రంగా మండుతుంది. రంధ్రం మూసుకుపోయిందేమోనని వేలు అడ్డం పెట్టి పంపు కొట్టాను. వేలి కొన మీద సూది గుచ్చినట్టు చిన్న చుక్క పడింది. నెత్తురు రాలేదు.

పెద్ద మెకానిక్ మల్లయ్య కాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"నొస్తున్నదా?"

"లేదు కాకా."

"గదే ఫికర్. జల్ది దవాఖానకు నడువు."

డాక్టరు మత్తిచ్చి గాటు పెడితే డీజిల్ వాసన గుప్పుమంది. పంపు ఒత్తిడికి చర్మంలోకి దూరిన డీజిల్ అప్పటికే అరచేతి దాకా పాకిందట. కాక తన మొండివేలు నిమురుకుంటున్నాడు. అది ఏ బెల్టులోనో తెగిందనుకున్నాను ఇన్నేళ్లూ.

ఎడమచేత్తో రాస్తున్నాను. నొప్పి లేని దెబ్బ మీకెవరికైనా తగిలిందా? నాకు మత్తు దిగి గంటయింది. నొప్పి ఇంకా రాలేదు.