శుక్రవారం ప్రసంగంలో పేరు చదవనివ్వని రహీం

నిన్న పొద్దున్న కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్. రహీం పోయాడన్నారు.

"ఏ రహీం?" అని అడిగాను.

నాకు తెలిసిన రహీం ఒక్కడే.

గాజువాకలో షేర్ ఆటో ఎక్కబోతూ కుప్పకూలాడట. గుండె. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఏడుపు రావడం లేదు. ఎందుకో టైప్ చేస్తున్నాను.

విశాఖ ద్వారకా నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్‌లో ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకే స్టాఫ్ రూమ్. నాది జాగ్రఫీ, తనది హిస్టరీ.

ఒకసారి రహీం క్లాసులో ఒక అమ్మాయి అడిగింది, ఇస్లాంలో మతం, రాజకీయం ఒకటేనా సార్ అని. నేను గుమ్మంలో ఉన్నాను.

"ప్రవక్త పోయిన రోజే, ఇక ఎవరు నడిపించాలని వాదన మొదలైంది తల్లీ. తర్వాత ఖలీఫాలు, సుల్తానులు. కొందరు పండితులు కొలువులో చేరారు, కొందరు కాదని జైలుకెళ్లారు. అంతా ఒకటేనని రాస్తే మార్కులు రావు."

క్లాసంతా నవ్వింది.

మొన్నటి ఎలక్షన్ల ముందు రహీం వాళ్ల మసీదు కమిటీకి ప్రెసిడెంట్. ఒక పార్టీ వాళ్లు ఇంటికొచ్చారు. శుక్రవారం ప్రసంగంలో మా అభ్యర్థి పేరు చెప్పించండి, మీ ఖబరస్తాన్‌కి గోడ కట్టిస్తాం అన్నారు. నేనక్కడే టీ తాగుతున్నాను.

"పూర్వం రాజులూ ఇలాగే పేరు సదివించుకునేవోరండి. రాజు మారితే పేరు మారిపోయేది. ఓట్లు బయట అడగండి, మసీదు లోపల కాదు" అన్నాడు రహీం.

"అయితే గోడ వద్దేటి?"

"కావాలండి. ఊరికి రోడ్డేసినట్టే ఏయండి."

గోడ రాలేదు. సొంతవాళ్లే మండిపడి కమిటీలోంచి తీసేశారు. కొత్త ప్రెసిడెంట్ రహీం చిన్ననాటి స్నేహితుడే. ప్రసంగంలో ఆ అభ్యర్థి పేరు చెప్పించాడు. రహీం వెనక వరసలో కూర్చుని విన్నాడు.

ఇంకా అక్కడికెందుకు వెళ్తావన్నాను.

"నాను నమాజుకెల్తన్నాను బావా, కమిటీకి కాదు."

చెప్పులేసుకుంటూ, "చిన్నప్పటి సావాసగాడు, ఆడు నా సలాం కూడా తీసుకోట్లేదు" అన్నాడు.

నిన్న పాడె మోసినవాళ్లలో ఆ స్నేహితుడు ముందున్నాడు. ఎలక్షన్లో గెలిచిన ఆ అభ్యర్థి వచ్చి, నివాళిగా రెండు మాటలు మాట్లాడతానని మైకు అడిగాడు.

"ఇప్పుడొద్దండి. ఆడికి ఇష్టముండదు" అన్నాడు ఆ స్నేహితుడు. ఇంకెవరివైపూ చూడలేదు.

గోడ లేని ఆ ఖబరస్తాన్‌లోనే మట్టి వేశాం. ఇంటికొచ్చాను. అన్నం తిన్నాను కూడా.

ఈ రోజు రహీం క్లాసు నన్ను తీసుకోమన్నారు. వెళ్లి కూర్చున్నాను. బెల్ కొట్టాక కూడా పిల్లలెవరూ లేవలేదు.

వెళ్లిరా రహీం. నీ దేవుడి దగ్గర నీకు హాయిగా ఉండాలి.