పదకొండు చోట్ల పొగ

ఎస్తెబెస్ లారీ ఏ దారిన వెళ్ళిందో ఆ లోయలో గుడ్డి గుర్రం కూడా వాసన పట్టి చెప్పగలదు. ట్యాంకు నుంచి పెట్రోలు అంతలా కారేది. కారిన చోటల్లా ఆయన బట్టల సబ్బు పిసికి మెత్తేవాడు. ఇరవై ఏళ్ళలో ఆ ట్యాంకుకు పట్టినంత సబ్బు మొగుడి ఒంటికి పట్టలేదని భార్య సైరకాన్ అంటుంది.

తెల్లారితే మూడు కుటుంబాల గుడారాలు లారీకెత్తుకుని వేసవి మేతకు కొండమీది పచ్చికకు వెళ్ళాలి. ముందు చేరినవాళ్ళదే ఊట పక్క చోటు. పోయినేడు కనుమలో పెట్రోలు అయిపోయి ఆ చోటు అవతలి ఊరివాళ్ళకు దక్కింది. వేసవంతా సైరకాన్ మైలు దూరం నుంచి నీళ్ళు మోసింది.

"ఉన్నది ఒక్క చిల్లు. అతుకేయిస్తే సరి," అన్నాడు ఎస్తెబెస్.

"నీ అతుకులు చాలు గానీ, మార్చెయ్యి. అబ్దిల్దా పెరట్లో పాత లారీ ట్యాంకు గట్టిగానే ఉంది."

పక్కింటి అబ్దిల్దా గోడ మీంచి తల పెట్టాడు. "తీసుకో అన్నా. దాని మీద పడుకునే కోళ్ళు ఒప్పుకోవాలి, అంతే."

"కోళ్ళ పీట నా లారీకా? చస్తే పెట్టను!"

"అయితే తేల్చుకుందాం," అంది సైరకాన్. "గుర్రపు పాల తోలుసంచికి చిల్లుపడితే పొగతోనే కదా పట్టుకుంటాను? ఒక్కచోట పొగ వస్తే అతుకు. రెండోచోట వస్తే మార్పు."

ఎస్తెబెస్ మీసం దువ్వి ఒప్పుకున్నాడు. ట్యాంకు విప్పి, సబ్బంతా గీకి, వాసన పోయేదాకా వేడినీళ్ళతో కడిగాడు. సైరకాన్ దూరంగా పొయ్యి దగ్గర ఖాళీ తోలుసంచి నిండా పొగ పట్టి తెచ్చి, ట్యాంకు మూతికి ఆనించి పిండింది.

"ఒకటి... రెండు..."

"రెండోది చిల్లు కాదే, చెమట!"

"ఏడు... పదకొండు!"

"అన్నా, మాంసం కాలుస్తున్నావా?" అరిచాడు అబ్దిల్దా. "ఉల్లిపాయలు తేనా?"

ఎస్తెబెస్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "ఉల్లిపాయలొద్దు. నీ కోళ్ళను లేపు."

మర్నాడు కనుమలో లారీ ఆగింది. సైరకాన్ గబుక్కున దిగి ట్యాంకు కిందికి వంగి చూసింది. "మళ్ళీ అయిపోయిందా?"

"సగానికి పైనే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఆగి టీ తాగుతున్నాం కదా, కాలు దానంతటదే బ్రేకు తొక్కింది."

"పోనివ్వవయ్యా! టీ ఊట దగ్గర!"

ఊట పక్కన ఇంకా ఎవరూ లేరు. సైరకాన్ పది అడుగులు నడిచి నీళ్ళు ముంచుకుంది. గుడారాల మూట దించుతుంటే అందులోంచి అబ్దిల్దా వాళ్ళ చుక్కల కోడి దిగింది. నేరుగా లారీ కిందికి దూరి, తన ట్యాంకును తేరిపార చూసి, దాని నీడలో గుడ్డు పెట్టింది.