మా నాన్నగారు బండి దిగలేని శనివారం

వానాకాలమంతా కొల్లేరు లంకల రోడ్ల మీద తిరిగిన మా వారి మోటారు సైకిలు, వానలు తగ్గేసరికి ముందు ఫోర్కుల నుంచి నూనె కార్చడం మొదలుపెట్టింది. మా వారు చేపల చెరువులకు మందులమ్మే కంపెనీలో పనిచేస్తారు. ఇల్లు ఏలూరులో, ఆఫీసు తాడేపల్లిగూడెంలో, పని మాత్రం ఆకివీడు నుంచి కైకలూరు దాకా ఎక్కడ చెరువుంటే అక్కడ. చేపల లారీలు తిరిగిన గట్ల మీద గుంతలు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు ఆ ఫోర్కుల మీద జాలి కలగకమానదు.

మెకానిక్కు చూసి, నూనె ఆపే రబ్బరు సీళ్లు పోయాయి, బండి వదిలి వెళ్లండి అన్నాడు. ‘వదిలి వెళ్లండి’ అనే మాట మా వారికి గిట్టదు. కిందటిసారి వదిలి వెళ్లిన బండి ‘రేపు అయిపోద్దండి’ అన్న మాట మీదే చాలా రోజులు బతికింది. అందుకని ఈసారి పని ఇంట్లోనే, స్వయంగా చేస్తానని ప్రకటించారు.

ఆ రోజు నుంచి మా భోజనాల బల్ల మీద ఫోను ఎదురుగా నిలబడి ఉండేది. అందులో ఒకాయన మోటారు సైకిలు విప్పుతూ ఉండేవాడు, ఈయన కంచంలో ఏముందో చూడకుండా కలుపుకుంటూ ఉండేవారు. ఆ వీడియోలో సగం సేపు, చక్రం విప్పేముందు బండి ముందు భాగాన్ని ఎలా నిలబెట్టాలన్న సంగతే ఉంటుంది. మా వారు ఆ భాగం వచ్చినప్పుడల్లా వేలితో ముందుకు తోసేసేవారు. అడిగితే, అది ముందుమాట లాంటిదే, అసలు విషయం తర్వాత వస్తుందని చెప్పారు. ఒకసారి ఫోను ఆపకుండా స్నానానికి వెళ్లారు. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ ముందుమాట మొత్తం విన్నాను. చేతులు ఖాళీ లేక విన్నానే తప్ప, అందులో నాకు ఆసక్తేమీ లేదు.

సరిగ్గా ఆ వారమే మా నాన్నగారు కంటి పరీక్షకని తణుకు నుంచి వచ్చారు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బళ్లు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యారు. భారీ మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె, తెల్ల చొక్కా. మా పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయనకూ మా వారికీ మధ్య మాటలు ఒక పద్ధతి దాటలేదు. “కులాసాయేనా అండీ?” అని ఈయన, “ఆఁ, మీరెలా ఉన్నారండీ?” అని ఆయన. ఆ తర్వాత ఇద్దరూ టీవీ చూస్తారు. అందులో ఏం వస్తోందో ఇద్దరికీ పట్టదు.

శనివారం భోజనాలయ్యాక మా వారు పాత లుంగీ బిగించి, బండిని వాకిట్లో సిమెంటు గచ్చు మీదికి తెచ్చి సెంటర్ స్టాండు వేశారు. స్టాండు వేస్తే వెనక చక్రం గాలిలో ఉంటుంది, ముందు చక్రం నేల మీద ఉంటుంది. విప్పాల్సింది ముందు చక్రం. దాన్ని పైకి లేపడం ఎలాగన్నది మొదటి ప్రశ్న. ఆయన చేతనైనంత మేరకు బండిని లేపి పట్టుకుని, ఇంజను కింద ఇటుకలు పెట్టమని నన్ను పిలిచారు. పెట్టాను. వదిలారు. పై ఇటుక రెండు ముక్కలైంది. ఇప్పుడొస్తున్న ఇటుకల్లో నాణ్యత లేదన్నారు.

ఇటుక విరిగిన చప్పుడుకి ఎదురింటాయన వచ్చారు. ఆయన స్థలాలు అమ్మిపెడతారు. ఏ విషయంలోనైనా నిలబడి అభిప్రాయం చెప్పగల మనిషి. వరండా శ్లాబులో ఉయ్యాల కోసం వేసిన కొక్కెం చూపించి, దానికి తాడు కట్టి బండి తలని పైకి లాగేయమన్నారు. ఆ కొక్కానికి కట్టిన ఉయ్యాలలో ఒకసారి మా ఆడపడుచు కూర్చుంటేనే పెచ్చులు రాలాయని నేను గుర్తుచేశాను. ఆ సలహా అక్కడితో ఆగింది గానీ, ఎదురింటాయన ఆగలేదు. వెనక బరువు పెడితే ముందు దానంతటదే లేస్తుందండీ, తక్కెడ లెక్క అన్నారు. తక్కెడ అనే మాట వినపడి, వరండాలో పేపరు చదువుకుంటున్న మా నాన్నగారు తలెత్తారు. ఇద్దరూ ఆయన వంక చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మా వారు చేతులు తుడుచుకుని ఎంతో మర్యాదగా దగ్గరికి వెళ్లారు.

“మావయ్యగారూ, మీకు శ్రమ కాకపోతే, కాసేపు బండి మీద కూర్చుంటారా అండీ?”

అల్లుడు నోరు తెరిచి ఏదైనా సాయం అడగడం అదే మొదటిసారి కావడంతో మా నాన్నగారు ఏమిటీ ఎందుకూ అని కూడా అడగలేదు. కళ్లజోడు జేబులో పెట్టుకుని, పంచె కాస్త ఎత్తి పట్టుకుని వెళ్లి వెనక సీటు మీద, అంచుకి జరిగి కూర్చున్నారు. వెనక చక్రం నేలకి ఆనింది, ముందు చక్రం హుందాగా గాలిలోకి లేచింది. ఎదురింటాయన చప్పట్లు కొట్టారు. మా నాన్నగారి ముఖంలో ఫ్యాక్టరీ వాళ్లు సన్మానం చేసిననాటి కళ కనిపించింది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. చక్రం నేల మీద ఉండగానే నట్టు కాస్త వదులు చేసుకోవాలని నేను విన్న ముందుమాటలో ఉంది. మా వారు గాలిలో లేచాక మొదలుపెట్టారు. ఆయన పానా పట్టి గుంజినప్పుడల్లా బండి ఊగేది, బండితోపాటు మా నాన్నగారూ ఊగేవారు. ఆయన హ్యాండిలు పట్టుకోవడానికి చెయ్యి అందక, సీటు అంచులు పట్టుకుని దూరంగా చూస్తూ కూర్చున్నారు. చక్రం వచ్చేసింది. మడ్‌గార్డు వచ్చేసింది. కొంత పెనుగులాట తర్వాత ఫోర్కులు రెండూ కిందికి జారి వచ్చాయి. ఇప్పుడు మా బండికి హెడ్‌లైటు కింద ఏమీ లేదు. ముందంతా శూన్యం, వెనక మా నాన్నగారు.

అప్పుడు తెలిసింది, తెచ్చిన సీళ్ల సైజు వేరని.

మా వారు చాలాసేపు సీలునీ ఫోర్కునీ మార్చి మార్చి చూశారు, చూస్తే సర్దుకుంటాయేమోనన్నట్టు. తర్వాత వెళ్లి ఎదురింటాయన స్కూటరు మీద ఆయన వెనక కూర్చున్నారు.

“పది నిమిషాల్లో వచ్చేస్తాం మావయ్యగారూ. మీరు మాత్రం కదలకండి. కదిలితే ముందుకి పడిపోద్దండి.”

స్కూటరు సందు మలుపు తిరిగాక మా నాన్నగారు మెల్లగా అడిగారు. “అమ్మాయ్, అంటే నేను దిగకూడదా?”

దిగకూడదన్నాను. దిగితే బండి ముందుకి వాలి స్టాండు మడిచేసుకుంటుందని, మీద పడినా పడుతుందని చెప్పాను. ఆయన కాస్త ఆలోచించి, అయితే పేపరు ఇలా అందుకోమన్నారు.

పేపరు ఇచ్చాను. కాఫీ తెచ్చి ఇచ్చాను. సందులో వెళ్లేవాళ్లు ముందు చక్రం లేని బండి మీద పేపరు చదువుతున్న పెద్దమనిషిని చూసి ఒక క్షణం ఆగి, నమస్కారం పెట్టి వెళ్లారు. కూరగాయలమ్మి మాత్రం ఆగి, ఎక్కడిదాకా వెళ్తున్నారండీ అని అడిగింది. తణుకు వెళ్తున్నానని చెప్పారు ఆయన. ఆయన ఎవరితోనైనా హాస్యమాడగా వినడం నాకు అదే మొదలు.

పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఫోను చేస్తే మా వారు పవర్‌పేటలో దొరకలేదని, తంగెళ్లమూడి వైపు వెళ్తున్నామని చెప్పారు. వెనక నుంచి బజ్జీలు వేగుతున్న చప్పుడు వినిపించింది.

ఆ హడావిడిలో నేను మర్చిపోయిన సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంది. గేటు ముందు పాస్టరుగారి పాత కారు ఆగేదాకా నాకు గుర్తు రాలేదు. అయ్యగారూ, అమ్మగారూ, సంఘంలోని ఆడవాళ్లు ఇద్దరూ దిగారు. దేవుని సేవకుడు వస్తే లేచి నిలబడకపోవడం మా నాన్నగారి జీవితంలో లేదు. సగం లేవబోయారు. బండి ముందుకి వంగింది. నేను గట్టిగా ఆయన భుజాలు పట్టి కూర్చోబెట్టాను.

“వందనాలండీ అయ్యగారూ. లేవలేని పరిస్థితిలో ఉన్నానండీ,” అన్నారు మా నాన్నగారు.

పాస్టరుగారు అది ఆరోగ్య సమస్య అనుకుని, బండి విషయం తర్వాత గమనించారు. నేను సంగతి విడమరచి చెప్పాను. ఆయన చాలా సున్నితమైన మనిషి. పెద్దాయనని ఒంటరిగా వదిలి లోపల ప్రార్థన చేసుకోవడం బాగుండదు, ఇక్కడే చేద్దామన్నారు. వాకిట్లో బండి చుట్టూ కుర్చీలు వేశాను. ఒక పాట పాడారు. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఊరి కోసం, పంటల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం, ఉన్నచోటు నుంచి కదలలేక ఇతరుల భారం మోస్తున్నవారి కోసం సుదీర్ఘంగా ప్రార్థించారు. ఆమెన్ అనాల్సిన చోటల్లా మా నాన్నగారే ముందుగా, కొంచెం తొందరగా అంటున్నారు. ఆ తొందర ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు.

కళ్లు తెరిచి చూస్తే ఆయన నుదుటి మీద చెమట. దగ్గరికి వెళ్తే చెవిలో చెప్పారు. “అమ్మాయ్, మధ్యాహ్నం బీపీ మాత్ర వేసుకున్నాను కదా. బాత్‌రూముకి వెళ్లాలి.”

ఆ మాత్ర వేసుకుంటే ఆయన మాటిమాటికీ లేవాలి. అప్పటికే చాలాసేపు ఓర్చుకున్నారు. మరి ఇంతసేపూ చెప్పలేదేమని అడిగితే, అల్లుడుగారు కదలవద్దన్నారు కదమ్మా అన్నారు. నాకు మా వారి మీద కోపమూ, మా నాన్నగారి మీద జాలీ ఒకేసారి వచ్చాయి. కోపం ముందు వచ్చింది.

ప్రార్థన ముగియగానే పాస్టరుగారిని కారులో జాకీ ఉందా అని అడిగాను. డిక్కీలో స్టెప్నీ కింద దొరికింది. నేను వంటింట్లోకి వెళ్లి చపాతీల పీట తెచ్చాను. దండెం తాడు విప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నదంతా నా తలలో అలాగే ఉంది.

మొదట వెనక చక్రం కదలకుండా బండిని గేరులో వేశాను. సెంటర్ స్టాండుకి తాడు కట్టి, ముందుకి తెచ్చి ఫ్రేముకి బిగించాను. అలా కడితే బండి ముందుకి జరిగినా స్టాండు మడుచుకోదు. తర్వాత చీర దోపుకుని గచ్చు మీద వెల్లకిలా పడుకుని కిందికి చూశాను. సంఘం ఆడవాళ్లు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. సైలెన్సరు పైపు మీద జాకీ పెడితే సొట్టపోతుంది, ఆయిల్ బోల్టు మీద పెడితే విరుగుతుంది. ఇంజను కింద నుంచి వెళ్లే ఫ్రేము కడ్డీలు రెండూ వెతికి, వాటికి అడ్డంగా పీట పెట్టి, పీట కింద మధ్యలో జాకీ పెట్టాను. పాస్టరుగారు పీటని పట్టుకున్నారు. అది ఫ్రేముకి గట్టిగా ఆనేదాకా జాకీ తిప్పాను, అంతకంటే లేపలేదు. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదని, రెండు పక్కలా చెక్క ముక్కలు పేర్చి ఫ్రేముకి ఆనించాను. హ్యాండిలు పట్టుకుని ఊపి చూశాను. పాస్టరుగారినీ ఊపి చూడమన్నాను. కదల్లేదు.

“ఇప్పుడు నెమ్మదిగా దిగండి నాన్నా. ఒక్కసారిగా వద్దు.”

ఆయన ఒక కాలు నేల మీద పెట్టి, కొంత బరువు దించి, ఆగారు. అందరం బండి వంక చూశాం. మరికొంత దించారు. బండి అలాగే ఉంది. పూర్తిగా దిగి, ఒక్క క్షణం దాని వంక అపనమ్మకంగా చూసి, పంచె పట్టుకుని లోపలికి నడిచారు. అంత వేగంగా ఆయన నడవడం నా పెళ్లిలో అన్నం తక్కువైనప్పుడే చూశాను.

మా వారూ ఎదురింటాయనా సరైన సీళ్లు పట్టుకుని వచ్చేసరికి అందరం ఉప్మా తింటున్నాం. మా వారు గుమ్మంలోనే ఆగి, నిలబడి ఉన్న బండినీ కుర్చీలో ఉన్న మావగారినీ చూశారు.

“దిగిపోయారా అండీ? అయితే బ్యాలెన్సు బాగానే కుదిరిందన్నమాట.”

నేను జవాబు చెప్పబోయాను. మా నాన్నగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. ప్లేటు కింద పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, అల్లుడి చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకెళ్లారు. వంగి చూడమన్నారు. జాకీనీ, పీటనీ, తాడునీ ఒక్కొక్కటే వేలితో చూపించారు.

“ఇది మా అమ్మాయి పెట్టిందయ్యా. నువ్వు నన్ను పెట్టావు.”

ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన అల్లుణ్ణి నువ్వు అన్నారు. మా వారు వంగి పీటని చేత్తో తడిమి చూశారు. కాసేపటికి ఇద్దరికీ నవ్వొచ్చింది. పాస్టరుగారు మర్నాటి దాకా జాకీ మాకే వదిలి వెళ్లారు, వెళ్తూ దారిలో ఎక్కడా పంక్చరు కాకూడదని మమ్మల్ని ప్రార్థించమన్నారు.

మర్నాడు ఆదివారం ఆరాధన ముగించుకుని గుడి నుంచి వచ్చాక సీళ్లు మార్చడం పూర్తయింది. మా నాన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏ బోల్టు తర్వాత ఏది అని అడుగుతూ కూర్చున్నారు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఫోర్కుల గురించి మొదలై, చెరకు గురించీ, చేపల మేత గురించీ, ఉంగుటూరు దగ్గర కాలవ గట్టు తెగినప్పటి సంగతుల గురించీ సాగింది. నేను భోజనానికి పిలిచినా లేవలేదు.

వారం తిరిగేసరికి తాడేపల్లిగూడెం ఆఫీసులో మా వారు ఏం చెప్పుకున్నారో గానీ, ఆయన కింద పనిచేసే అతను తన బండి వేసుకుని మా ఇంటికి వచ్చేశాడు. దానికీ ముందు నుంచి నూనె కారుతోంది. మా వారు అతణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, లుంగీ బిగించి, ఇదేముందయ్యా, అసలు కిటుకంతా నిలబెట్టడంలోనే ఉందని వివరించడం మొదలుపెట్టారు. వంటింటి కిటికీలోంచి వింటున్నాను. నాకు తెలిసిన ముందుమాటే, గొంతు మాత్రం ఆయనది. ఫ్రేము దాకా బాగానే చెప్పారు. తాడు ఎక్కడి నుంచి ఎక్కడికి కట్టాలన్న దగ్గర ఆగిపోయారు. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగారు.

“ఏమోయ్, ఓసారి ఇలా రా,” అని పిలిచారు.

స్టవ్ మంట తగ్గించి, చేతులు తుడుచుకుని వెళ్లాను.