నేను ఎక్కని మెట్లు

మోకాళ్ల నొప్పికి కొత్త వ్యాయామం పనిచేస్తుందో లేదో చూసే ట్రయల్‌లో నేనూ, స్టీల్‌ప్లాంటులో నాతో పనిచేసే స్నేహితుడూ చేరాం. రోజూ ఏం చేశామో డైరీలో రాయాలి. అతను తన ఊరు పద్మనాభంలో తెల్లవారకముందే లేచి వ్యాయామం చేసి, నొప్పి తగ్గలేదని ఉన్నదున్నట్టు రాసేవాడు. నేను ఒక్కరోజూ కాలు కదపకుండానే నొప్పి మాయమైందని రాసి, సింహాచలం మెట్లు పరుగున ఎక్కుతున్నానని క్యాంటీన్‌లో కోతలు కోసేవాణ్ని.

“నీకు తగ్గిపోనాది. నాకే తగ్గనేదు. నా ఒంట్లోనే ఏదో తేడా ఉన్నాది బావా,” అన్నాడొకరోజు.

“నిన్న కొండ దిగతన్నప్పుడు ఇద్దరు ముసలమ్మల్ని బుజాన ఏసుకొచ్చినాను బావా!” అన్నాను.

క్యాంటీన్‌లో అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. మర్నాటి నుంచి వ్యాయామం మానేశాడు. నవ్వులు ఆగాకయినా, నేను రాసిందంతా అబద్ధమని చెప్పాల్సింది. చెప్పలేదు. ట్రయల్ కాగితాల్లో బాగుపడినవాణ్ని నేను, మధ్యలో వదిలేసినవాడు అతను.