అత్త ఇంటి కరెంటు

పోయిన నెలలో డుంబ్రిగుడలో మా వీధికి కొత్త మీటర్లు బిగించడానికి మనుషులు వచ్చారు. గుమ్మం పక్కన పాత మీటరు విప్పుతూ వాళ్లలో ఒకాయన, "ఇంట్లో ఏటేటి వాడతన్నారు మాస్టారూ?" అని అడిగాడు. నేను బల్బులు, ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ అని వరసగా చెప్పుకుంటూ పోయి, ఆ ఊపులో "ఆక్సిజన్ మిషను" అనేశాను. ఆయన తల తిప్పి లోపలికి తొంగి చూశాడు, మంచం మీద ఎవరైనా ఉన్నారేమోనని కాబోలు. లోపల మా ఆవిడ చోడిపిండి, అదే రాగిపిండి, జల్లించుకుంటోంది. "లేదు లేదు, అదిప్పుడు లేదు," అని సర్దుకున్నాను. వాళ్లు వెళ్లిపోయాక మా ఆవిడ కాఫీ కలిపి తెచ్చి పక్కన కూర్చుంది. ఆ మిషను మా అత్తది. మా నాన్న సొంత చెల్లెలు, నన్ను చిన్నప్పుడు వీపున గుడ్డతో కట్టుకుని సామచేలో కలుపు తీసిన మనిషి.

ముంచింగిపుట్టు సంత దాటి, జీపు వెళ్లినంత దూరం జీపులో వెళ్లి, దిగి గెడ్డ, అంటే కొండవాగు, దాటి కొండెక్కితే అత్త ఊరు. గట్టిగా పిలిస్తే ఊరంతా పలికేంత ఊరు. నేను పంతులు ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో అక్కడికి కరెంటు వచ్చింది. వచ్చింది అనడం తప్పు. మోసుకొచ్చారు. స్తంభాలు రోడ్డు మీద పడేసి లారీ వెళ్లిపోతే, ఊళ్లో మగవాళ్లంతా ఒక్కో స్తంభానికి తాళ్లు కట్టి, భుజాల మీద వేసుకుని, పాటకి అడుగు కలుపుతూ కొండెక్కించారు. అత్త అంబలి కుండ నెత్తిన పెట్టుకుని వాళ్ల వెనకే తిరిగింది. బల్బు వెలిగిన మొదటి సాయంత్రం ఊరంతా కేరింతలు కొడుతుంటే అత్త మాత్రం గోడల వంక చూసి గుండె బాదుకుందట. అన్నేళ్ల పొయ్యి పొగ నల్లగా పట్టి ఉంది. "ఇన్నాళ్లూ నా ఇల్లు సుబ్బరంగా ఉందనుకున్నానురా అల్లుడా. ఈ లైటొచ్చి పరువు తీసీసినాది," అని నాతో ఎన్నిసార్లు అందో. మర్నాడే ఎర్రమట్టి తెచ్చి గోడలన్నీ అలికేసింది.

ఆ కరెంటు ఎప్పుడూ నిలకడగా లేదు. మూడు ఊళ్లకి కలిపి కింద లోయలో ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. చివరి ఊరు అత్తవాళ్లది కాబట్టి అక్కడికొచ్చేసరికి బల్బు చుట్ట చివర నిప్పులా ఎర్రగా మినుకుమనేది. గాలేస్తే పోయేది, వానొస్తే పోయేది, ఒక్కోసారి ఎందుకు పోయిందో తెలియకుండా పోయేది. దాని కోసం ఎవరూ ఏడవలేదు. పొయ్యి ఉంది, వెన్నెల ఉంది, ఏమీ లేకపోతే నిద్ర ఉంది. "సుట్టం లాటిది. ఉన్నన్నాళ్లు ఉంటాది, ఎల్తే ఎల్తాది," అనేది అత్త. కొండ ఊళ్లకి రాయితీ ఉండేది గనుక బిల్లు కూడా వాళ్లని బాధించలేదు. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఫోన్ల చార్జింగు, బావ ముచ్చటపడి కొన్న టీవీ. బావ అంటే అత్త కొడుకు. కాఫీ తోట, మిరియాల తీగలు చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. అతని భార్యని నేను చెల్లీ అని పిలుస్తాను.

అత్తకి దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు. కొండ మీద ఆ వయసు ఆడవాళ్లందరూ దగ్గుతారు. గెడ్డ దగ్గర నీళ్ల బిందె దింపి కూర్చుని మళ్లీ లేవలేకపోయిన రోజున మాత్రం బావకి భయం వేసింది. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఏ చుట్టా ముట్టని మనిషికి ఊపిరితిత్తులు ఇలా ఎందుకయ్యాయని అడిగితే, పొయ్యి దగ్గర ఎన్నేళ్లు కూర్చుందో చెప్పమన్నారు డాక్టరుగారు. ఇకమీదట రోజులో ఎక్కువ భాగం ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలన్నారు. కొనే స్తోమత మాకు లేదు. ఊరి పాస్టరుగారు తనకు తెలిసిన క్రైస్తవ ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి, వాడిన మిషను ఒకటి ఇప్పించారు. ఆదివారం ప్రార్థనకి వచ్చే అత్త, పండగల్లో కొండదేవతకి కోడిని కూడా ఇస్తుందని ఆయనకి తెలుసు. తెలిసీ ఇప్పించారు. అవసరం తీరాక తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. 

మిషనుని కాఫీ గోనెలో చుట్టి బావ భుజాన మోసుకెళ్లాడు. చక్రాలున్న చిన్న పెట్టె, నీళ్ల సీసా, పొడుగాటి గొట్టం. గొట్టం ముక్కుకి తగిలించగానే అత్త అద్దం తెప్పించుకుని చూసుకుంది. "ముక్కుతాడేసీసినారు. ఇంక నాగలికి కట్టండి," అంది. ఊళ్లోవాళ్లంతా నవ్వారు, అత్త కూడా నవ్వి ఆయాసపడింది. మిషను గుర్రుమంటూ ఉండేది. కరెంటు పోతే పెద్దగా కూత పెట్టేది. "నాకన్నా ముందు అదే ఏడుత్తంది," అనేది. ఒక నెలలో మనిషికి మొహాన కళ వచ్చింది. అరుగు మీద కూర్చుని చోళ్లు చెరగసాగింది. మేమంతా అదేదో గట్టెక్కినట్టు సంతోషపడ్డాం.

బిల్లు అప్పుడొచ్చింది. రాయితీకి ఒక హద్దు ఉందని, అది దాటితే మొత్తం కట్టాలని అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియాల్సిన అవసరం రాలేదు. బావ కరెంటు ఆఫీసుకి వెళ్లాడు, నేనూ తోడు వెళ్లాను. అక్కడి ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, డాక్టరు కాగితం చదివాడు. "జబ్బు మనిషి ఉందని తగ్గించడానికి మా దగ్గర దారి లేదు మాస్టారూ. వాడకం ఎంతన్నదే చూత్తాది కంప్యూటరు. ఎందుకు వాడినారో దానికెలా తెలుత్తాది?" అన్నాడు. బావ నేల చూస్తూ, "అయితే మా అమ్మని ఎంత పీల్చమంటారు?" అని అడిగాడు. ఎకసెక్కానికి కాదు, నిజంగానే అడిగాడు. ఆయన టీ గ్లాసు పక్కకి జరిపి, డాక్టరు కాగితం మడిచి బావ చేతికిచ్చాడు.

రెండు బిల్లులు కట్టలేకపోయాక లైన్‌మన్ వచ్చాడు. ఆ చుట్టుపక్కల కొండ ఊళ్లన్నిటికీ అతనొక్కడే. బావకి వరసకి తమ్ముడు అవుతాడు. కనెక్షన్ తీసెయ్యమని పంపారు. అరుగు మీద కూర్చుని, లోపల్నించి మిషను చప్పుడు వింటూ చెంబుడు నీళ్లు తాగాడు. "ఇల్లు తాళమేసి ఉంది, మనుషుల్లేరు అని సెప్తానులే వదినా," అన్నాడు చెల్లితో. లోపల్నించి అత్త, "తాళమెక్కడుందిరా బాబూ, తలుపుకి గెడే నేదు," అంది. అతను నవ్వలేక, ఏడవలేక లేచి వెళ్లిపోయాడు. బావ తీగ మీదున్న మిరియాలని పండకముందే షావుకారికి ఒప్పజెప్పి బిల్లు కట్టాడు.

ఆ తర్వాత ఇంట్లో పొదుపు మొదలైంది. టీవీ తీసి అటక మీద పెట్టేశారు. ఫ్యాను ఆపేశారు. ఫోన్లు సంతలో చార్జింగు పెట్టుకునేవారు. మిషను చప్పుడు వినిపిస్తున్నంతసేపూ డబ్బు కారిపోతున్నట్టు అందరూ ఓ చెవి అటే వేసి ఉండేవారు.  అత్తకి తెలియదా? కొడుకు తోటకి, కోడలు గెడ్డకి వెళ్లగానే చేయి చాపి స్విచ్చి కట్టేసేది. ఒకరోజు చెల్లి మధ్యలోనే తిరిగొచ్చి చూస్తే అత్త గోడకి ఆనుకుని, పెదాలు నీలంగా, నోరు తెరుచుకుని ఉంది. "ఏటి సేత్తన్నావు అత్తా?" అని అరిచి చెల్లి స్విచ్చి వేసింది. కాసేపటికి అత్త తేరుకుని, "కూకున్నదానికి అంత గాలెందుకే? మీరు సీకట్లో ఉండడమెందుకు?" అందట. చెల్లి నాకు ఫోన్ చేసి, చెప్పలేక చెప్పలేక చెప్పింది.

నేను వెళ్లి అత్తని, మిషనుని డుంబ్రిగుడ తీసుకొచ్చేశాను. ఇక్కడ కరెంటు పోయినా తొందరగానే వస్తుంది. బిల్లు నా పింఛనులో పోతుంది. ముందు గది అత్తకిచ్చాం. మా ఆవిడ మైదానం మనిషి, విజయనగరం వైపు. అత్త తెలుగు బాగానే మాట్లాడేది గానీ ఆమె కబుర్లు, కోపాలు, దెప్పులు అన్నీ మా కొండ భాషలోనే ఉండేవి. మా ఆవిడ వేళకి వేడి అంబలి కాచి ఇచ్చేది, కాళ్లు పట్టేది. అత్త దీవించేది. అంతకుమించి ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. కిటికీలోంచి పక్కింటి గోడ కనిపించేది. రోజంతా గొట్టం పెట్టుకుని ఆ గోడని చూసేది. మెల్లగా తిండి తగ్గించింది. వానలు దగ్గరపడ్డాయి, ఇప్పుడు కొండ మీదికి వెళ్లడం మంచిది కాదని నేను బతిమాలాను. "ఇక్కడ ఊపిరుంది గానీ ఊసు నేదురా అల్లుడా," అంది. "నన్ను బేగి ఒగ్గీ." మా ఆవిడ ఆ మాట విని లోపలికి వెళ్లి అత్త చీరలు మడతపెట్టింది. మర్నాడు అత్తని, మిషనుని మళ్లీ కొండ మీదికి చేర్చి వచ్చాను. మేం బలవంతంగా ఉంచేస్తే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. ఆ గోడ వంక చూస్తూ ఉండేది.

ఆ వానలు మామూలు వానలు కావు. తుఫాను సముద్రంలో పుట్టినా విరిగేది మా కొండల మీదే. సిల్వర్ ఓక్ చెట్లు లైను మీద పడ్డాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడు చేసి కాలిపోయింది. మిషను కూతపెట్టి, ఆ కూతకున్న చిన్న బ్యాటరీ అయిపోయాక అదీ ఆగిపోయింది. ఇలాంటి రోజు కోసం దాచి ఉంచిన చిన్న ఆక్సిజన్ సిలిండరు బావ పెట్టాడు. ఊళ్లోవాళ్లంతా వానలోనే గొడ్డళ్లతో చెట్లు నరికి లైను దారి తెరిచారు. లైన్‌మన్ వాళ్లతోపాటే తడిశాడు. కానీ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావాలి, దాన్ని తెచ్చే బండి గెడ్డ దాటలేకపోయింది. సిలిండరు అయిపోవచ్చాక అత్తని డోలీ కట్టి దింపుదామని బావ గెడ్డ దగ్గరికి వెళ్లి చూసి వచ్చాడు. నీళ్లు నడుము పైకి ఉన్నాయి. అతను వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడితే అత్త మొహం చూసే గ్రహించిందట. "నన్ను అరుగు మీద కూకోబెట్టు," అంది. కూర్చోబెట్టారు. ఊళ్లో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. అత్త వాళ్ల మాటలు వింటూ, మధ్యమధ్య ఒక్కో మాట అంటూ ఉండి, మధ్యాహ్నం వాన తెరిపిచ్చిన వేళకి మాట ఆపేసింది. నాకు కబురు మర్నాటికి గానీ అందలేదు. నేను వెళ్లేసరికి మట్టి కూడా వేసేశారు.

గెడ్డ తగ్గాక ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. రోడ్డు మీద దింపేసి వెళ్లిపోయారు. ఊళ్లోవాళ్లు దుంగల మీద దొర్లిస్తూ, తాళ్లతో లాగుతూ తీసుకెళ్లారు. బావ కూడా తాడు పట్టాడు. "నువ్వెందుకురా ఎల్లినావు?" అని అడిగాను. "ఎల్లకపోతే ఏటి సేత్తాం బావా? మనమే కదా మోసీది," అన్నాడు. అంతే. ఆ ఏడు బల్బులు కాస్త తెల్లగా వెలిగాయి. మళ్లీ వానలకి అదీ పోయింది, మళ్లీ ఇంకోటి వచ్చింది.

పాస్టరుగారికి అప్పగించిన మిషనుని ఆయన ఈ మధ్యే కింది ఊళ్లో మరో ముసలాయనకి ఇచ్చారు. ఆయనదీ పొయ్యి పొగ జబ్బే, ఆయన ఊరిదీ అదే లైను, అదే ట్రాన్స్‌ఫార్మర్. చెల్లి వెళ్లి నీళ్ల సీసా ఎంతవరకు నింపాలో, గొట్టం ఎలా కడగాలో వాళ్ల కోడలికి నేర్పించి వచ్చింది. బిల్లు సంగతి వాళ్లకింకా తెలియదట. "సెప్పబుద్ధి కాలేదు అన్నా. ముసలాయన నవ్వుతా కూకున్నాడు," అంది ఫోనులో. కొత్త లైను వేస్తారని, గెడ్డ మీద వంతెన కడతారని అనుకుంటున్నారని కూడా చెప్పింది. కడతారు. నేను నమ్ముతాను. మా కొండల మీదికి రానిదంటూ ఏమీ లేదు, అన్నీ వస్తాయి. అవి వచ్చే కాలం వేరు, మా వాళ్లకున్న కాలం వేరు.