అమ్మమ్మలో ఎన్ని అక్షరాలు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఒకసారి స్నేహితుడికి చెప్పబోయి సగంలో మాట మార్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. బహుశా అందుకే మీ ముందు నోరు తెరవగలుగుతున్నాను.

నేను చేసినదానికి ఏ చట్టంలోనూ శిక్ష ఉండదు. ఒక రోజు ఒక మాట అన్నాను, ఒక సంతకం పెట్టాను. మర్నాడు ఇంకో మాట అన్నాను. అంతే. ఒక మనిషి బతుకు పక్కకు తిరగడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదని అప్పుడు నాకు తెలియదు. తెలియదా? ఇదిగో, మళ్లీ అబద్ధం మొదలుపెట్టాను. కొంత తెలుసు.

అప్పుడు నేను కోదాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లి వచ్చేవాణ్ని. మునగాలలో ఆ బస్సే ఎక్కేది రేణుక, ఆఖరి సంవత్సరం విద్యార్థిని. వాళ్లమ్మ హైవే మీద ఒక ధాబాలో రొట్టెలు చేసేది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాసులో ప్రశ్న అడిగితే ఇంగ్లీషు వెతుక్కునేసరికి పక్కవాళ్లు చెప్పేసేవారు. కానీ రికార్డు పుస్తకంలో ఆ పిల్ల రాసే ప్రోగ్రాంలు వేరుగా ఉండేవి. పుస్తకంలో ఉన్నది ఎక్కించినట్టు కాకుండా, కూర్చుని ఆలోచించినట్టు ఉండేవి. అది నేను గమనించాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నేను గమనించనట్టు నటించాను.

ఆ ఏడాది ల్యాబ్ పరీక్షకు ప్రశ్న నేనే తయారు చేశాను. ఒక మాట ఇస్తే అందులో ఉన్న అక్షరాలను ఒక్కోదాన్ని ఒక్కసారి మాత్రమే చూపించే ప్రోగ్రాం రాయాలి. ఇంగ్లీషులో 'బనానా' ఇస్తే బి, ఏ, ఎన్, మూడు అని రావాలి. చిన్న పనే. సరిచూడటానికి ఐదు మాటలు, వాటి జవాబులు ఒక షీటు మీద అచ్చు వేయించాను. నాలుగు ఇంగ్లీషు మాటలు. ఐదోది సరదాకి తెలుగులో పెట్టాను. అమ్మమ్మ.

దాని జవాబు ఎక్కడి నుంచి తెచ్చాను? నా ప్రోగ్రాంనే అడిగాను. మూడు అంది. మూడు అని రాసుకున్నాను. పరీక్ష పెట్టేవాడు సరైన జవాబేదో ముందు తన బుర్రతో తేల్చుకోవాలి, ఆ తర్వాతే ప్రోగ్రాంను అడగాలి. ఏళ్ల తరబడి పిల్లలకు నేను చెప్పిన మొదటి పాఠం అదే. నేనే దాన్ని తలకిందులు చేశాను, బస్సు టైమైపోతోందని.

కంప్యూటర్ లోపల మ్మ అనేది ఒక అక్షరంగా ఉండదు. ఒక మ, తర్వాత పొల్లు, తర్వాత ఇంకో మ. ఇలా విడివిడిగా దాచుకుంటుంది. అందుకే మామూలు ప్రోగ్రాం అమ్మమ్మను చూసి అ, మ, పొల్లు, మొత్తం మూడు అంటుంది. అందులో వేరువేరు అక్షరాలు ఎన్నో పలక పట్టిన పిల్లవాణ్ని అడగండి. అ, మ్మ, మళ్లీ అదే మ్మ. రెండే అంటాడు.

పరీక్ష రోజు వేరే కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, పెద్దాయన. షీటు పట్టుకుని వరసగా చూస్తూ వచ్చాడు. అందరికీ మూడు వచ్చింది. రేణుక దగ్గర ఆగాడు. స్క్రీన్ మీద అ, మ్మ అని ఉంది. కింద రెండు.

"ఏమ్మా, అందరికీ మూడొస్తే నీకు రెండెందుకొచ్చింది?"

"రెండే సార్. పొల్లు అక్షరం కాదు గద. గది మ తోనే ఉంటది. అందుకని ముందుగాల దాన్ని కలిపి, తర్వాత లెక్కపెట్టిన."

"ఇంత పొడుగు కోడ్ ఎవరు రాసిచ్చారు నీకు?"

"నేనే రాసిన సార్."

ఆయన నమ్మలేదు. ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు వేశాడు. ఆ పిల్లకు జవాబు తెలుసు, మాట రాలేదు. ఆయన నావైపు తిరిగాడు.

"మీ స్టూడెంటే కదండీ. సొంతంగా రాయగలదా?"

రేణుక నన్ను చూసింది. ఆ చూపులో భయం లేదు. నేను చెబుతానన్న ధీమా ఉంది. నేను స్క్రీన్ చూశాను. ఆ క్షణంలోనే నాకు అర్థమైంది, తప్పు ఆ పిల్లది కాదు, నా షీటుదని.

"చెప్పలేం సార్," అన్నాను.

ఆయన మార్కులు వేశాడు. పాస్‌కు చాలా తక్కువ. కింద నేను సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం రేణుక ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లాను. చొక్కా కూడా మార్చుకోకుండా కూర్చుని మాటలు ఇస్తూ పోయాను. కుక్క, చెట్టు, సూర్యాపేట, మిర్యాలగూడ. మధ్యలో ఖాళీలు పెట్టాను, అంకెలు పెట్టాను, ఏమీ ఇవ్వకుండా కూడా చూశాను. ఎక్కడా తప్పలేదు. ఎందుకు అన్ని మాటలు ఇచ్చానో తెలుసా? ఒక్కచోటైనా తప్పుతుందేమో, తప్పితే బాగుండునని. ఒక పిల్ల రాసినదాన్ని నేను అంత శ్రద్ధగా పరీక్షించింది జీవితంలో ఆ ఒక్కసారే. అది ఓడిపోవాలని.

మర్నాడు కూడా పరీక్షలున్నాయి. ఎగ్జామినర్ వస్తాడు. మార్కుల కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది. సార్, షీటులో నా పొరపాటు ఉంది, అంటే చాలు. ఆయన విసుక్కునేవాడేమో, దిద్దేవాడు. బస్సు దిగేదాకా ఆ వాక్యాన్ని మనసులో అనుకుంటూనే వెళ్లాను.

రేణుక ఆ రోజు ముందు బస్సుకే వచ్చి స్టాఫ్ రూం బయట నిలబడి ఉంది.

"సార్, నాది తప్పా?" అంది. "తప్పయితే తప్పే అని సెప్పండ్రి. ఎన్నిసార్లు సూసినా నాకైతే దొరుకుతలేదు. జర సెప్పండ్రి సార్."

ఏడవడానికి రాలేదు. మార్కులు అడగడానికీ రాలేదు. తప్పేదో తెలుసుకోవడానికి వచ్చింది. నేను చదువు చెప్పిన పదేళ్లలో అలా వచ్చినవాళ్లు ఎందరని?

"తప్పే రేణుకా," అన్నాను. "కంప్యూటర్ లెక్క వేరే ఉంటది. మనం చదివినట్టు అది చదవదు. నీకు బేసిక్సే పట్టుబడలే. సప్లిమెంటరీలో మంచిగ రాయి."

ఆ మాటలో కొంచెం నిజం ఉంది. అందుకే అంత బాగా పనిచేసింది. "గట్లనా సార్," అంది. తర్వాత, "థాంక్యూ సార్," అని కూడా అంది.

ఆ పిల్లకు హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని ముందే కాగితం ఇచ్చింది. ఏ సబ్జెక్టూ మిగలకూడదన్నది షరతు. సప్లిమెంటరీ వచ్చేసరికి ఆ కంపెనీ చేరమన్న తేదీ దాటిపోయింది. సప్లిమెంటరీలో రేణుక అందరిలాగే రాసింది. అమ్మమ్మకు మూడు వచ్చింది. నేను మంచి మార్కులు వేశాను. ఆ రోజు ఆ పిల్ల నా ముఖం చూడలేదు, నేను తన ముఖం చూడలేదు. మునగాలలో ఆగే ఆ బస్సు మానేసి, ముందు బస్సుకు వెళ్లడం మొదలుపెట్టాను.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? ఒక షీటులో పొరపాటుకు ఎవరి ఉద్యోగమూ పోదు. ఎగ్జామినర్ ముందు చిన్నబోతాననా? అది కొంత. లోపలికి తవ్వుకుంటూ పోతే అడుగున ఉన్నది ఇంకా చిన్నది, ఇంకా అసహ్యమైనది. ఇంగ్లీషులో నాలుగు మాటలు రాని పిల్లకు, నాకు తట్టని సంగతి తట్టింది. అది నేను ఓర్చుకోలేకపోయాను. అంతకు మించి పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను. లేదు.

షీటు మార్చలేదు. మారిస్తే ఎందుకు మార్చావని ఎవరైనా అడుగుతారని భయం. ఏటా ఎవరో ఒకరు, రెండే కద సార్, అని నవ్వేవారు. కంప్యూటర్ లెక్క వేరు, అనేవాణ్ని. కొన్నేళ్లకు ఆ మాట నా నోటికి ఎంత అలవాటైందంటే, అబద్ధమన్న రుచి కూడా పోయింది.

ఇప్పుడు నేను మిర్యాలగూడలో ఉంటున్నాను. పోయిన ఎండాకాలం కళ్లు చూపించుకోవడానికి ఒక ప్రైవేటు దవాఖానకు వెళ్లాను. చీటీ రాయించుకునే కౌంటర్ దగ్గర కంప్యూటర్ ముందున్న ఆమె లేచి నిలబడింది.

"సార్, బాగున్నరా? గుర్తుపట్టలేదా? నేను రేణుకను."

నా పేరు తనే ఎక్కించింది. కుర్చీ వేయించింది. ఏం చేస్తున్నవమ్మా అంటే నవ్వింది. "గీడనే సార్. వచ్చినోళ్ల పేర్లు ఎక్కిస్త. ఏడేండ్లాయె."

ఇంకేమీ అడగకుండా ఉండాల్సింది. ఇంట్లో అందరూ బాగేనా అన్నాను.

"మా చెల్లెకు ఇంటర్ల మంచి మార్కులొచ్చినయి సార్. కంప్యూటర్ కోర్సు తీసుకుంటనని ఒకటే ఏడ్పు. నేనే వద్దన్న. మన ఇంట్ల గది ఎవ్వలకు ఎక్కదే, నాలుగేండ్లు సదివి నేను సూసిన గద అన్న. ఇగ పెండ్లి చేసినం. పాలకీడు కాడ ఉంటది, ఇద్దరు పిల్లలు." తర్వాత ఎంతో మర్యాదగా అంది: "మీరు గా రోజు ఉన్నదున్నట్టు సెప్పిండ్రు సార్. లేకుంటే ఇంకెన్నేండ్లు పరేషాన్ అయ్యేదాన్నో."

అప్పుడు చెప్పొచ్చు. చుట్టూ జనం ఉన్నా చెప్పొచ్చు. నోరు తెరిచాను.

"మంచిదమ్మా," అన్నాను.

డాక్టర్ నా పేరు పిలిచాడు. లోపలికి పోయాను. గోడ మీది అక్షరాలు చదవమంటే చదివాను. తిరిగి వచ్చేటప్పుడు రేణుక ఎవరో ముసలాయన పేరు అడిగి ఎక్కిస్తోంది. తల ఎత్తకముందే బయటపడ్డాను.

తొమ్మిదేళ్ల కింద అన్న మాటను వయసు మీద, అహం మీద నెట్టేయొచ్చు. ఈ "మంచిదమ్మా"ను దేని మీద నెట్టను? మళ్లీ వెళ్లి చెబుదామని రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్లాను. చెబితే ఆమెకు ఏమొస్తుంది? పోయిన ఏళ్లు రావు. చెల్లెలి చదువు రాదు. పైగా, తన చేత్తో చెల్లెల్ని ఆపానన్న బాధ కొత్తగా వచ్చి చేరుతుంది. కాబట్టి చెప్పకపోవడమే మేలు అనుకుంటాను. ఆ వెంటనే, ఇది కూడా నా పిరికితనమే, ఈసారి దయ అని పేరు పెట్టుకుంది, అనుకుంటాను. ఏది నిజమో తేలడం లేదు. ఆమె నన్ను క్షమించలేదు, ఎందుకంటే క్షమించాల్సింది ఒకటుందని ఆమెకు తెలియదు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. రేణుక రాసిందే సరైనది. నాకు ఆ రోజే తెలుసు. తెలిసి, తప్పని చెప్పాను.

ఈ మూడు వాక్యాలు ఇన్నేళ్లలో మనసులో కూడా ఒకదాని వెనక ఒకటి అనుకోలేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతున్నట్టుంది. ఆమెకు చెందాల్సిన మాట మీకు చెప్పి, నేను తేలికపడుతున్నాను. దానికి కూడా సిగ్గుగానే ఉంది.